పొద్దుతిరుగుడు అమరిక, ఆకు ఈనెల దారి: థ్రస్ట్ వాషర్ ముఖంపై నూనె గుంటలు చెక్కే పద్ధతి

షాఫ్ట్ పొడవునా వచ్చే తోపును మోసే చదునైన రింగే థ్రస్ట్ వాషర్. రెండు చదునైన ముఖాలు ఒకదానిపై ఒకటి జారే థ్రస్ట్ వాషర్‌లో నూనె పొర నిలవడం కష్టం. ముఖాలు సమాంతరంగా ఉన్నప్పుడు నూనె ఇరుకులోకి దూరి ఒత్తిడి పెంచుకునే ఏటవాలు ఎక్కడా దొరకదు. ముఖం మీద సన్నని గుంటలు చెక్కితే ప్రతి గుంట అంచూ అలాంటి చిన్న ఏటవాలుగా పనిచేస్తుంది. నూనె తగ్గిన వేళ గుంటలోని కాస్త నూనె పైకి వచ్చి ముఖాన్ని తడుపుతుంది. అరిగి రాలిన రజను కూడా ముఖాల మధ్య నలగకుండా గుంటలో పడిపోతుంది.

గుంటలు ఎక్కడెక్కడ పెట్టాలి? వాటి దాకా నూనె ఎలా చేరాలి? ఈ రెండింటికీ మొక్కల్లో పనికొచ్చే జవాబులున్నాయి. అయితే ఏ మొక్క నుంచి ఏం తీసుకోవాలో ముందే తేల్చుకోవాలి. తామరాకు అందరికీ ముందు గుర్తొస్తుంది. దాని మీద ఉండే మైనపు బొడిపెలు ఆకును ఎలా శుభ్రంగా ఉంచుతాయో వృక్షశాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో వివరించారు. ఆ బొడిపెల మధ్య గాలి ఉంటుంది, నీటి బొట్టు ఆ గాలి మీదే నిలుస్తుంది. నూనెలో మునిగి లోడు మోసే ముఖానికి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ నిలవడానికి గాలి లేదు, బరువు పడగానే బొడిపెల తలలు నలుగుతాయి. నీటిలో గాలి పొరను పట్టి ఉంచే సాల్వీనియా ఆకుదీ అదే సంగతి. వరి ఆకు మాత్రం ఒక మంచి పాఠం చెబుతుంది: గాళ్లు ఆకు పొడవునా సాగుతాయి కాబట్టి నీటి బొట్టు అడ్డంగా కన్నా పొడవునా తేలిగ్గా దొర్లుతుంది. గాడి ఎటు ఉంటే ద్రవం అటు పోతుంది. ఈ పనిలో మనకు అసలు కావలసినవి రెండే: పొద్దుతిరుగుడు పువ్వులో గింజల అమరిక, ఆకులో ఈనెలు చీలే తీరు.

కొలతలు

లెక్కలు స్పష్టంగా ఉండటానికి ఒకే వాషర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. లోపలి వ్యాసం 24 మి.మీ., బయటి వ్యాసం 40 మి.మీ. గట్టిపరచిన బేరింగ్ స్టీల్, రాక్‌వెల్ సి గట్టిదనం 58 నుంచి 62. ఇది కదలకుండా ఉంటుంది, దీని మీద షాఫ్ట్‌తో పాటు కంచు రింగు తిరుగుతుంది. ముఖం వైశాల్యం సుమారు 804 చదరపు మి.మీ. కాబట్టి 400 న్యూటన్ల లోడుకు సగటు ఒత్తిడి 0.5 మెగాపాస్కల్. గుంటల్ని ఎప్పుడూ రెండింటిలో గట్టి ముఖం మీదే చెక్కాలి. మెత్తని ముఖం మీద చెక్కితే మొదటి అరుగుదలతోనే గుంటలు చెరిగిపోతాయి.

గుంట వ్యాసం 100 మైక్రాన్లు, లోతు 8 మైక్రాన్లు, గుంటలున్న చోట వాటి వాటా 10 శాతం. జారే బేరింగులకు ఇవి మొదలుపెట్టడానికి మంచి అంకెలు. వ్యాసం 50 నుంచి 200, లోతు 5 నుంచి 15 మైక్రాన్లు, వాటా 5 నుంచి 20 శాతం మధ్య మార్చి చూడవచ్చు. లోతు నూనె పొర మందంతో పోల్చదగ్గ స్థాయిలో ఉండాలి. పొర 5 మైక్రాన్లుంటే 50 మైక్రాన్ల గుంట ఏటవాలుగా పనిచేయదు, ఉత్త గొయ్యిగా మిగిలి ఒత్తిడిని మింగేస్తుంది. ఎక్కువ మంది చేసే పొరపాటు ఇదే. లేజర్ లోతుగా చెక్కగలదు కాబట్టి లోతుగా చెక్కేస్తారు.

గింజల అమరిక

పొద్దుతిరుగుడు పువ్వులో గింజల స్థానాలకు 1979లో హెల్ముట్ వోగెల్ ఇచ్చిన సూత్రం చాలా సులువైనది. కేంద్రం నుంచి దూరం = అంతర గుణకం × √గింజ సంఖ్య. కోణం = గింజ సంఖ్య × స్వర్ణకోణం. ఈ అమరికలో ఒక్కో గుంట వాటాకు వచ్చే వైశాల్యం అంతటా ఒకటే, అది π × గుణకం వర్గం. అందుకే గుంటల వాటాకు తేలికైన లెక్క దొరుకుతుంది: గుంట వ్యాసం వర్గాన్ని గుణకం వర్గానికి నాలుగు రెట్లతో భాగిస్తే చాలు. 100 మైక్రాన్ల గుంటకు 10 శాతం కావాలంటే గుణకం వర్గం 25,000 చదరపు మైక్రాన్లు, అంటే గుణకం సుమారు 158 మైక్రాన్లు. మన వాషర్‌లో 12 మి.మీ. వ్యాసార్థం దగ్గర గింజ సంఖ్య 5,760, 20 మి.మీ. దగ్గర 16,000. మధ్యలో 10,240 గుంటలు. ఏ రెండు గుంటల కేంద్రాలూ 265 మైక్రాన్ల కన్నా దగ్గరికి రావు.

చదరపు గడుల్లో పెట్టినా ఇన్ని గుంటలు పట్టేవి కదా, ఈ శ్రమ ఎందుకు? తిరిగే ముఖం మీద ప్రతి బిందువూ ఒక వృత్తం మీదే తిరుగుతుంది. గుంటల్ని వలయాలుగా పెడితే రెండు వలయాల మధ్య ఉన్న పట్టీ మీద ఒక్క గుంటా రాదు, అక్కడ ముఖం ముందు అరిగి గీతలు పడుతుంది. చదరపు గడులు కొన్ని దిక్కుల్లో జారే దారితో వరుస కలుస్తాయి, కొన్ని దిక్కుల్లో కలవవు. గింజల అమరికలో ఏ రెండు గుంటలకూ కేంద్రం నుంచి దూరం ఒకటి కాదు. 20 మి.మీ. దగ్గర వరుస సంఖ్యల గుంటల వ్యాసార్థాల తేడా 0.6 మైక్రాను మాత్రమే. అక్కడ 100 మైక్రాన్ల వెడల్పు పట్టీ ఎక్కడ తీసుకున్నా సుమారు 160 గుంటలు, 12 మి.మీ. దగ్గర 96 గుంటలు దొరుకుతాయి. గుంట దాటిపోని దారి అంటూ ఎక్కడా మిగలదు.

స్వర్ణకోణాన్ని 180 × (3 − √5) అని లెక్కించి, వచ్చిన 137.50776 డిగ్రీలను పూర్తి దశాంశాలతో వాడండి. 137.5 అని గుండ్రం చేయకండి. 137.5 డిగ్రీలంటే 360లో సరిగ్గా 144లో 55 వంతు. ప్రతి 144వ గుంటా అదే గీత మీదికి వచ్చి చక్రం ఆకుల్లా 144 వరుసలు ఏర్పడతాయి. ఆ వరుసలో పక్కపక్క గుంటల దూరం 12 మి.మీ. దగ్గర 150 మైక్రాన్లు, 20 మి.మీ. దగ్గర 90 మైక్రాన్లే. 100 మైక్రాన్ల గుంటలు 18 మి.మీ. దాటాక ఒకదానిలో ఒకటి కలిసి నిలువు గాళ్లుగా మారిపోతాయి, నూనె వాటిలోంచి బయటికి జారిపోతుంది. డ్రాయింగును తెర మీద చిన్నగా చూస్తే ఈ తప్పు కనబడదు, పెద్దది చేసి బయటి అంచు చూడండి. ఇంకో జాగ్రత్త: 16,000వ గుంట కోణం 22 లక్షల డిగ్రీలు దాటుతుంది. ప్రోగ్రామ్‌లో సింగిల్ ప్రెసిషన్ (సుమారు ఏడు అంకెలే నిలిచే) సంఖ్యలు వాడితే అక్కడ 0.125 డిగ్రీల దాకా తప్పు వస్తుంది, అంటే బయటి అంచు దగ్గర 44 మైక్రాన్లు. డబుల్ ప్రెసిషన్ వాడండి.

ముఖమంతా నింపాలా?

షాఫ్ట్ రెండు వైపులా తిరిగేదైతే ముఖమంతా నింపండి. ఒకే వైపు తిరిగేదైతే అక్కర్లేదు. వాషర్‌ను 45 డిగ్రీల 8 భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో నూనె ప్రవేశించే వైపు నుంచి 60 శాతం, అంటే 27 డిగ్రీల వరకే గుంటలు వేసి, మిగతా 18 డిగ్రీలు నునుపుగా వదిలేయాలి. గుంటలున్న మేర సగటున మెట్టు కిందికి దిగినట్టూ, నునుపు మేర పైన ఉన్నట్టూ పనిచేసి నూనె ఆ మెట్టు దగ్గర ఒత్తిడి పెంచుకుంటుంది. గుంటల సంఖ్య సుమారు 6,000కి తగ్గుతుంది, లేజర్ సమయమూ తగ్గుతుంది.

ఇక గుంటల దాకా నూనె చేర్చే దారి. ఒక్కో భాగం మొదట్లో ఒక ఈనె, అంటే ఆకు ఈనెలా చీలే గాడి, పెట్టండి. నూనె లోపలి అంచు నుంచి వస్తుందనుకుందాం. నడిమి ఈనె లోపలి అంచు దగ్గర తెరుచుకుని, బయటి అంచుకు 1 మి.మీ. ముందే ఆగిపోవాలి. బయటికి తెరుచుకుంటే అది నూనె పారబోసే కాలువ. ఈనెలన్నిటికీ లోతు ఒకటే, 40 మైక్రాన్లు. వెడల్పు 600 మైక్రాన్లతో మొదలవుతుంది. 14 మి.మీ. వ్యాసార్థం దగ్గర 200 మైక్రాన్ల పక్క ఈనె చీలాక 400 మిగులుతుంది. 16.5 మి.మీ. దగ్గర ఇంకొకటి చీలాక చివరి 200 మైక్రాన్లు 19 మి.మీ. దాకా వెళ్తుంది. ఇక్కడ వెడల్పుల కూడిక ఎప్పుడూ సరిపోవాలి. గొట్టాల్లాంటి ఈనెలకు వ్యాసార్థాల ఘనాల కూడిక సరిపోవాలన్న మర్రే నియమం వర్తిస్తుంది. లోతు మారని చదును గాళ్లకు ఆ ఘనాల లెక్క వేస్తే కొమ్మలు అవసరానికి మించి వెడల్పవుతాయి. ప్రవాహం వెడల్పుతో నేరుగా పెరుగుతుంది కాబట్టి వెడల్పులు కూడితే చాలు.

పక్క ఈనెలు 1.5 మి.మీ. పొడవుతో, కంచు రింగు తిరిగే దిక్కుకే 45 డిగ్రీలు వాలి, బయటి అంచు వైపు సాగి మూసుకుపోవాలి. తిరిగే ముఖం నూనెను తనతో లాక్కెళ్తూ ఆ గాడి వెంట చివరికి నెడుతుంది, మూసిన చివర ఒత్తిడి పుడుతుంది. గుంటలు చెక్కిన వాషరే తిరిగేదైతే డ్రాయింగును అద్దంలో చూసినట్టు తిప్పండి. దాని దృష్టిలో ఎదుటి ముఖం వెనక్కి కదులుతోంది. గుంట అంచుకూ గాడి అంచుకూ మధ్య కనీసం 150 మైక్రాన్లు వదలండి.

లేజర్ పని

చెక్కే ముందు ముఖం లాపింగ్ (సన్నని పొడితో పలక మీద రుద్ది చదును చేయడం) పూర్తయి ఉండాలి: సగటు గరుకుదనం 0.1 మైక్రాను లోపు, చదును 1 నుంచి 2 మైక్రాన్ల లోపు. ముఖం 10 మైక్రాన్లు వంగి ఉంటే 8 మైక్రాన్ల గుంటల గురించి మాట్లాడటంలో అర్థం లేదు. ఆప్టికల్ ఫ్లాట్ (అతి చదునైన గాజు పలక) పెట్టి హీలియం దీపం కింద చూస్తే ఒక్కో చార సుమారు 0.3 మైక్రాన్ల తేడా చెబుతుంది.

1064 నానోమీటర్ల 20 వాట్ల నానోసెకండ్ ఫైబర్ లేజర్ ఈ పనికి చాలు. 160 మి.మీ. లెన్సుతో చుక్క 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటుంది. ఒక్కో గుంటను 10, 20, 30, 40 మైక్రాన్ల వ్యాసార్థాల నాలుగు వృత్తాలుగా గీయించండి. చుక్క వెడల్పు కలిసి అంచు 100 మైక్రాన్లకు కాస్త దాటుతుంది, కొలిచి చివరి వృత్తాన్ని సరిచేయండి. మొదటి అంకెలు: పల్సులు 20 కిలోహెర్ట్జ్, చుక్క వేగం సెకనుకు 100 మి.మీ., పవర్ 6 వాట్లు. అదే స్టీలు ముక్క మీద ఒకటి నుంచి ఆరు సార్ల వరకు, 4, 6, 8 వాట్లతో 18 గుంటల పట్టిక గీసి లోతు కొలవండి. ఒక యంత్రం అంకెలు ఇంకో యంత్రానికి అచ్చంగా సరిపోవు, ఈ పట్టికను దాటేయకండి. వేగం పెంచితే చిన్న వృత్తాల దగ్గర లేజర్ కిరణాన్ని తిప్పే అద్దాలు దారి అందుకోలేక వృత్తం కుంచించుకుపోతుంది, నడిమధ్య లోతైన గొయ్యి పడుతుంది. అలా కనిపిస్తే ముందు వేగం తగ్గించండి, పవర్ జోలికి తర్వాత వెళ్లండి.

నాలుగు వృత్తాల చుట్టుకొలత 628 మైక్రాన్లు, ఒక్క చుట్టుకు సుమారు 6 మిల్లీసెకన్లు. నాలుగు సార్లు తిప్పి, గుంట నుంచి గుంటకు దూకే సమయం కలిపినా 6,000 గుంటలు మూడు నిమిషాల్లో అయిపోతాయి. ఈనెల లోతు ఎక్కువ కాబట్టి వాటికి వేరే టైము పడుతుంది. వాటిని గుంటల కన్నా ముందే చెక్కి, రజను తుడిచి, అప్పుడు గుంటలకు వెళ్లండి. వాషర్‌ను మధ్యలో తీస్తే మళ్లీ అదే చోట కూర్చోదు, ఒకే పట్టులో ముగించండి. మొదలుపెట్టే ముందు 40 మి.మీ. వృత్తం గీసి కాలిపర్‌తో రెండు దిక్కులా కొలవండి. లెన్సు సరిచేయకపోతే అది కోడిగుడ్డులా వస్తుంది.

1064 నానోమీటర్లకు తగిన రక్షణ కళ్లద్దాలు, పొగ లాగే గొట్టం తప్పనిసరి. అసిటోన్‌తో తుడిచిన వాషర్ పూర్తిగా ఆరాకే లేజర్ కింద పెట్టండి, ఆ ఆవిరి అంటుకుంటుంది.

అంచు గట్టు తీయడం

పని నిలిచేదీ చెడేదీ ఇక్కడే. నానోసెకండ్ లేజర్ స్టీలును కరిగించి పక్కకు నెడుతుంది. ఆ కరిగిన లోహం గుంట చుట్టూ 2 నుంచి 5 మైక్రాన్ల గట్టుగా గడ్డకడుతుంది. నూనె పొర 5 మైక్రాన్లే ఉన్నచోట ఆ గట్టు ఎదుటి కంచును ఆకురాయిలా గీకేస్తుంది. 6,000 గట్లతో వాషర్‌ను నడిపి, గుంటలు చెక్కితే రాపిడి పెరిగిందని తేల్చేయడం సరైన పరీక్ష కాదు.

పోత ఇనుప పలక మీద 3 మైక్రాన్ల డైమండ్ పేస్టుతో, తేలికైన ఒత్తిడితో, ఎనిమిది అంకె ఆకారంలో ఒకటి రెండు నిమిషాలు లాప్ చేయండి. 30 సెకన్లకోసారి ఆపి సూక్ష్మదర్శినిలో చూడండి. గట్టు పోయిన గుంట అంచు పల్చని స్పష్టమైన గీతలా కనబడుతుంది. లాపింగ్‌లో ముఖం మీది లోహం కూడా ఒకటి రెండు మైక్రాన్లు పోతుంది. కాబట్టి లేజర్‌తో 9 నుంచి 10 మైక్రాన్ల లోతు తీస్తే చివరికి 8 మిగులుతుంది. లోతును గట్టు కొస నుంచి కాకుండా గుంటకు దూరంగా ఉన్న నునుపు ముఖం నుంచి కొలవండి. పికోసెకండ్, ఫెమ్టోసెకండ్ లేజర్లతో గట్టు చాలా తక్కువ వస్తుంది, అయినా ఒకసారి చూసుకోవడం మంచిది.

తర్వాత శుభ్రం. గుంటల్లో ఇరుక్కున్న డైమండ్ పొడి బేరింగ్ నడిచేటప్పుడు ఒక్కొక్కటిగా బయటికొచ్చి రెండు ముఖాల్నీ లాప్ చేస్తుంది. నైలాన్ బ్రష్‌తో రుద్ది, అల్ట్రాసోనిక్ తొట్టెలో అసిటోన్‌లో 10 నిమిషాలు, తర్వాత కొత్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 10 నిమిషాలు ఉంచండి. తొట్టె అడుగున ఇంకా బూడిద రంగు మడ్డి దిగుతుంటే ద్రవం మార్చి మళ్లీ చేయండి. ఆరిన వెంటనే నూనె పూయండి, స్టీలు చిలుము పట్టడానికి ఎక్కువసేపు అక్కర్లేదు.

నడిపి చూడటం

గుంటలు లేని జత వాషర్‌ను కూడా అదే లాపింగ్, అదే శుభ్రతతో సిద్ధం చేసుకోండి. అది పక్కన లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు. రెండింటినీ అదే నూనెతో, అదే ఉష్ణోగ్రతలో, ముందు తక్కువ లోడుతో అరగంట సానబట్టేలా నడిపి, తర్వాత 400 న్యూటన్లకు పెంచి, నిమిషానికి 1,500 చుట్ల నుంచి 50 దాకా మెట్లుగా దించుతూ టార్క్ రాసుకోండి. మన వాషర్‌కు పనిచేసే వ్యాసార్థం 16.3 మి.మీ. రాపిడి గుణకం 0.08 అయితే టార్క్ 0.52 న్యూటన్ మీటర్లు, 0.01 అయితే 0.065. గుంటల లాభం సాధారణంగా వేగం తగ్గుతున్న మేరలో, నూనె పొర తెగడం మొదలయ్యే చోట బయటపడుతుంది. ఎక్కువ వేగంలో రెండు వాషర్లూ దగ్గరదగ్గరగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, అక్కడ నూనె పొర తన పని తాను చేసుకుంటోంది.

గుంటల్లో దాగే నూనె ఎంతో లెక్కేస్తే కొన్ని భ్రమలు తొలగుతాయి. ఒక్కో గుంట సుమారు 31,700 ఘన మైక్రాన్లు, 6,000 గుంటలకు కలిపి 0.19 ఘన మి.మీ. ముఖమంతా పరిస్తే పావు మైక్రాను పొర. ఆగి బయలుదేరే క్షణాలకు ఇది ఆదుకుంటుంది. పంపు ఆగిపోయిన బేరింగ్‌ను ఇది కాపాడదు. ఆ నూనె బరువు సుమారు 0.17 మిల్లీగ్రాములు. అరుగుదలను 0.1 మిల్లీగ్రాము త్రాసు మీద తూచేవారు తూచే ప్రతిసారీ గుంటల్ని అల్ట్రాసోనిక్‌లో ఖాళీ చేయకపోతే అరుగుదల పోయి నూనె లెక్కలోకి వస్తుంది.

అరుగుదల చూడటానికి గుంటే ఒక కొలబద్ద. 100 మైక్రాన్ల వెడల్పు, 8 మైక్రాన్ల లోతున్న గిన్నె ఆకారపు గుంటలో ముఖం 2 మైక్రాన్లు అరిగితే కనబడే వ్యాసం 87కి, 4 మైక్రాన్లు అరిగితే 71కి తగ్గుతుంది. లోపలి అంచు, మధ్య, బయటి అంచుల దగ్గర పదేసి గుంటల వ్యాసం కొలిస్తే ఏ చోట ఎక్కువ అరిగిందో తెలిసిపోతుంది. బయటి అంచు దగ్గరే తగ్గితే ముఖాలు సమాంతరంగా కూర్చోలేదు. ఒక పక్క భాగాల్లోనే తగ్గితే షాఫ్ట్ ఆ పక్కకు ఒరిగి ఉంది. గుంట అడుగు చదునుగా చెక్కితే ఈ కొలబద్ద పనిచేయదు.

గుంటలు కంచు రంగులోకి మారి పూడుతుంటే ముఖాలు నేరుగా తాకుతున్నాయని అర్థం. నూనె చిక్కదనం ఒక మెట్టు పెంచండి, వీజీ 32 వాడుతుంటే 46కి మార్చి చూడండి, లేదా లోడు తగ్గించండి. రాపిడి అన్ని వేగాల్లోనూ నునుపు వాషర్ కన్నా ఎక్కువగా ఉంటే గట్టు మిగిలిందేమో మొదట చూడండి, తర్వాత తిరిగే దిక్కు తారుమారైందేమో, ఆ తర్వాత లోతు.

రోలింగ్ బేరింగులకు ఇవే అంకెలు వాడకండి

బాల్, రోలర్ బేరింగుల్లో తాకే చోటు వెడల్పు కొన్ని పదుల నుంచి వందల మైక్రాన్లే, ఒత్తిడి గిగాపాస్కల్ స్థాయికి వెళ్తుంది, నూనె పొర తరచుగా ఒక మైక్రాను లోపే ఉంటుంది. అక్కడ 8 మైక్రాన్ల గుంట దాటేటప్పుడు పొర ఒక్కసారిగా కూలుతుంది, గుంట అంచు నుంచి అలసట పగులు మొదలై పెచ్చు లేస్తుంది. సిలిండ్రికల్ రోలర్ థ్రస్ట్ బేరింగ్‌లో మాత్రం ఒక ప్రత్యేకత ఉంది. రోలర్ నడుమ ఒక్కచోటే నిజంగా దొర్లుతుంది, రెండు చివర్లూ జారతాయి. 5 మి.మీ. పొడవు రోలర్, 22 మి.మీ. సగటు వ్యాసార్థం ఉంటే చివర్లలో జారుడు వేగం దొర్లుడు వేగంలో 11 శాతం దాకా ఉంటుంది, అరుగుదలా అక్కడే ఎక్కువ. చెక్కాలనుకుంటే ఆ రెండు చివరి పట్టీల్లోనే, తాకే వెడల్పు కన్నా చిన్న గుంటలతో, ఒక మైక్రాను లోపు లోతుతో, 5 శాతం వాటా దాటకుండా మొదలుపెట్టండి. అంత పల్చని లోతుకు నానోసెకండ్ లేజర్ సరిపడదు, దాని గట్టే గుంట లోతు కన్నా ఎత్తుగా వస్తుంది. నడుమ పట్టీని నునుపుగానే ఉంచండి.